ఉప్పు తిన్న అక్షరాలు

నరసాపురం రేవులో, పంటు దిగే ఏటవాలు మీద
బోర్లించిన పడవ పక్కన
గొంతుక్కూర్చునేవాడు తవిటయ్య మేస్త్రి.
ఎనామిల్ డబ్బాలు మూడు, కిరసనాయిలు ముంత,
ఉడత వెంట్రుకల కుంచె,
కాస్త ఎడంగా, తడి తగలకుండా యూరియా సంచిలో చుట్టిన
చైనా పుస్తకం.

ఓడ మీద గ్రీజు పని చేసొచ్చిన చిన్నాన్న కొడుకెవరో
ఏ రేవులోనో సిగరెట్ పెట్టె ఇచ్చి మార్చుకొచ్చాడట.
నల్లటి పేజీలు. తెల్లటి రాత.
రాతి మీద చెక్కి, రాతి మీంచి కాగితమ్మీదికి ఎత్తిన అక్షరాలు.
ఒక్క ముక్కా మాకు తెలీదు.
"తెలీకపోవడమే మంచిదిరా," అనేవాడు,
"అర్థం అడ్డు రాదు. చెయ్యి కనిపిస్తది."

నిజంగానే కనిపించేది.
ఎక్కడ కుంచె ఆనిందో, ఎక్కడ ఊపిరి బిగబట్టిందో,
ఎక్కడ చివరి క్షణంలో మనసు మారి కిందికి జారిందో.
పదహారు వందల ఏళ్ళ నాటి మణికట్టు
పేజీలో ఇంకా తిరుగుతోంది,
ఆటూ పోటూ కలిసేచోట నీరు తిరిగినట్టు.

ఆ రాసినాయన పెద్దబాతుల మెడలు చూసి
రాత దిద్దుకున్నాడట.
ఆ ముక్క ఎవరో చదువుకున్నాయన చెప్పిన రోజు
మేస్త్రి డబ్బాల మూతలు బిగించి లేచాడు.
కోతలైన మడుల్లో బాతుల మందలు దిగిన కాలం.
మొగల్తూరు కాలవ గట్టున
పొద్దుగూకేదాకా కూర్చున్నాం ఇద్దరం.
బాతులవాడు మమ్మల్ని గుడ్ల దొంగలనుకున్నాడు.

మర్నాడు నా చేత 'ఝ' రాయించాడు.
ఏ పడవ పేరులోనూ రాని అక్షరం.
"ఎవడూ డబ్బివ్వడు దీనికి. అందుకే నేర్చుకో.
ఇది లొంగితే తక్కినవన్నీ
బాతు పిల్లల్లా నీ వెనకాలే వస్తాయి."
మూడు నెలలు, పాత తలుపు చెక్క మీద, సున్నం నీళ్ళతో.
నా ఝ ముందు కుంటింది. తర్వాత ఈదింది.

చాక్‌పీసుతో అంచు గీసుకుని లోపల రంగు నింపితే
ఒప్పుకునేవాడు కాదు.
"బతికున్న అక్షరానికి కంచె ఏంట్రా?"

మేరీమాత, నూకాలమ్మ, నాగూర్ మీరా,
ముగ్గురికీ మకారం ఒక్కటే,
మెడ కొంచెం వెనక్కి వంచి గుటకేస్తున్నట్టు.

ఉప్పు ఊరుకోదు కదా.
ముందు గుళ్ళని తినేది, తర్వాత ఏత్వాల్ని, దీర్ఘాల్ని.
వేటకెళ్ళిన మేరీమాత
మరమత అయి తిరిగొచ్చేది, మరమ్మతుకి.
పాత గీత మీదే మళ్ళీ గీత,
తన చేతికి తన చెయ్యే నకలు.

చాలా ఆలస్యంగా తెలిసింది నాకు,
ఆ చైనా ఆయన చేత్తో రాసింది ఒక్క కాగితమూ మిగల్లేదని.
అన్నిట్లోకీ మేలైనదాన్ని ఒక రాజు
ముచ్చటపడి ముచ్చటపడి సమాధిలోకి పట్టుకుపోయాడట.
మనకి దక్కినవి ఎత్తిరాసినవాళ్ళవి.
గీత చుట్టూ సన్నటి అంచు కట్టి, లోపల సిరా నింపి,
చిరుగుని కూడా చిరుగులా దింపినవాళ్ళవి.
అంటే మేస్త్రి అన్నేళ్ళు చూసి మురిసింది కంచెల్నే.
చెబుదామంటే ఆయన లేడు.
ఉంటే నవ్వేవాడో, కుంచె విసిరేవాడో.

ఆయనవీ ఒక్కటీ లేవు.
పడవలు కొన్ని పొయ్యిలోకెళ్ళాయి, కొన్నిటికి ఫైబర్ ఒళ్ళొచ్చింది,
ఐసు ఫ్యాక్టరీ గోడకి టైల్సు అంటించారు.
నేను బస్టాండు ఎదుట ఫ్లెక్సీలు కొడతాను,
పుట్టినరోజులు, వర్ధంతులు,
కంప్యూటరిచ్చే అక్షరాలు, ఎవరూ ఊపిరి బిగబట్టనివి.
పుస్తకం వరదలో నాని
పేజీకి పేజీ అంటుకుని ఇటికలా ఉంది.
పారెయ్యలేదు.

మొన్న సఖినేటిపల్లి వెళ్తూ పంటు మీద
ఎవరో కుర్రాడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో,
లైఫ్ జాకెట్ల పెట్టె మీద 'మూత తీయరాదు' రాస్తున్నాడు.
మ దగ్గర చెయ్యి ఆగింది.
మెడ వెనక్కి వంగింది.
"ఎవరు నేర్పారు బాబూ?"
"అంతర్వేదిలో మా మావయ్యండి."
"ఆ వంపెందుకూ?"
"ఏమోనండి. అలాగే వస్తది."

బాగా దగ్గరికి వంగానేమో,
పంటు ఒడ్డుకి తగిలిన కుదుపుకి మోచెయ్యి ఆనింది.
చొక్కా మీద సగం మకారం,
ఆకుపచ్చగా, తిరగబడి.
కుర్రాడు విసుక్కుని మళ్ళీ రాశాడు,
దాని మీదే.